అరుగుల మీద ఆదివారం బడి

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు బంగారూ, నువ్వు పుట్టకముందు. సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట. ఊఁ కొట్టాలి మరి!

ఆ పేటలో కాసులమ్మ అని పదేళ్ళ పిల్ల ఉండేది. చదువులో వెనకబడ్డ పిల్లలకి రత్నమాల టీచరు ప్రతి ఆదివారం విడిగా పాఠం చెప్పేది. అక్కడే కాసులమ్మకి కూడబలుక్కుని చదవడం వచ్చింది.

అప్పుడు లోకమంతా పెద్ద జబ్బొచ్చింది. బడులు మూసేశారు. ఎవరింట్లో వాళ్ళని ఉండమన్నారు.

టీచరు ముందు ఫోన్లో పాఠం చెప్పింది. పేట మొత్తానికి నాలుగే ఫోన్లు, పిల్లలేమో ఇరవైమంది! ఆ తర్వాత పాఠాలు కాగితాల మీద రాసి ఇంటింటికీ పంపింది. విప్పి చెప్పేవాళ్ళు లేక పిల్లలు వాటితో పడవలు చేసుకున్నారు.

"ఇంకేటి సదువే? రేపట్నించి నాతో సేపలు ఎండేసే కాడికి వచ్చీ," అంది కాసులమ్మ తల్లి నూకాలు.

కాసులమ్మ పుస్తకం తీసింది. వచ్చిన అక్షరాలే తడబడ్డాయి. పిల్ల మూల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కాసులమ్మ చదువు ఆగిపోతోందన్న మాట టీచరు చెవిన పడింది. 'ఇంట్లో లేనివి అడిగితే పిల్లలేం చేస్తారు? ఇంట్లో ఉన్నవాటితోనే చెబుతాను,' అనుకుంది. చేపల వేలంపాట మైకు అడిగి తెచ్చుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని వీధి మొదట్లో నిలబడింది. పిల్లలు ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చున్నారు.

"మీ వలలో జానెడు మేర ఎన్ని కళ్ళున్నాయో లెక్కపెట్టండి! పొద్దునా మధ్యాహ్నం మీ నీడ ఎన్ని అడుగులుందో కొలవండి! ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఇసకలో రాయండి!"

కాసులమ్మ వల కళ్ళు లెక్కపెట్టింది. నీడ కొలిచింది. ఆ తర్వాత ఇసకలో, నెమ్మదిగా, 'నూకాలు' అని రాసింది.

నూకాలు వంగి చూసింది. "ఇదేటే, నా పేరే?"

"నీదేనమ్మా. దిద్దు."

కూతురు తల్లి వేలు పట్టుకుని దిద్దించింది. బరువైన వలలు లాగే ఆ వేలు, అక్షరాల వెంట మెల్లగా నడిచింది బంగారూ!

అలా వారాలు గడిచాయి. చేపలు ఎండేసే చోటికి తల్లి ఒక్కతే వెళ్ళింది. పిల్లని మళ్ళీ రమ్మనలేదు.

జబ్బు తగ్గింది. బడి తెరిచారు. మొదటి ఆదివారం టీచరు పేర్లు పిలిచింది.

"కాసులమ్మా!"

"వచ్చానండీ!"

వెనకనించి ఇంకో గొంతు లేచింది. "నూకాలు కూడా వచ్చింది టీచరమ్మా, రాసుకోండి!"

కాసులమ్మ బడికి, కెరటాలు ఒడ్డుకి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరికి.