కోటిలింగం గారి దవడ పన్ను

పొన్నమాడ గవరయ్య ఇంట్లో తెలివి ఎక్కువ. ఎవరన్నారంటే గవరయ్యే అన్నాడు. తమ్ముడు తాతబ్బులు అవునన్నాడు. గవరయ్య పెళ్ళాం మంగాయమ్మ అయితే, "మనకింత తెలివుంది కదా, పక్కింటోళ్ళకో చారెడు ఇద్దామేంటి?" అని కూడా అడిగింది. "ఇస్తే మనకి తరిగిపోద్దే!" అన్నాడు గవరయ్య. అంతే, ఆ రోజు నుంచి పక్కింటివాళ్ళతో మాటలు బంద్.

ఇంత తెలివి ఇంట్లో ఉంచితే ముక్కిపోతుందని ముగ్గురూ పట్నం వెళ్ళి, పళ్ళ డాక్టరు వైదేహి గారి దగ్గర పనికి కుదిరారు. పాపం ఆవిడది కొత్త ఆసుపత్రి. మనుషులు దొరక్క పెట్టుకుంది. పెట్టుకున్నాక అనుభవించక తప్పుతుందా?

మొదటిరోజే ఆవిడ ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పింది. "నోట్లోంచి తీసిన ప్రతి వస్తువునీ బ్రష్షుతో తోమాలి. కడిగి, సంచిలో పెట్టి మూతి అంటించి, ఈ ఆవిరి పెట్టెలో పెట్టాలి. బయటికి తీశాక చేత్తో ముట్టుకోకూడదు. ఎక్కడిది అక్కడ పెట్టెయ్యాలి. ఇంకో మాట. క్రిములు కంటికి కనబడవు. కనబడలేదని లేవనుకోకండి. అర్థమైందా?"

"ఆయ్!" అన్నారు ముగ్గురూ.

అప్పుడే మిఠాయి కొట్టు కోటిలింగం వచ్చాడు. ఒక బుగ్గ పూరీలా పొంగి ఉంది. చంకలో డాక్టరమ్మకని తెచ్చిన లడ్ల పొట్లం. "ఎల్లుండి మా మేనకోడలి పెళ్ళి తల్లీ. వంటలన్నీ నేనే పురమాయించాను. ఈ పన్ను ఉంటే గారె ముక్క కొరకలేను, పోయేలోగా ఓ గారె తినే భాగ్యం లేదా నాకు? పీకి పారెయ్యమ్మా!" అని కుర్చీలో కూలబడ్డాడు.

"పనిముట్లు శుభ్రం చేసి ఉంచండి. ఎదురింటి పెద్దావిడ కట్టుడు పళ్ళు చూసి వస్తాను" అని ఆవిడ వెళ్ళింది.

ఇంకేముంది! బ్రష్షుతో తోమమంది కదా, తాతబ్బులు పరుగెత్తి తను పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకొచ్చాడు. మంగాయమ్మ పళ్ళపొడి చల్లింది. పన్ను పీకే పటకారుని కుళాయి కింద పెట్టి, "పుక్కిలించు, పుక్కిలించు" అని బతిమాలింది. అది పుక్కిలించలేదు. "మొండిఘటం" అని తిట్టి ఆవిరి పెట్టెలో పడేసింది.

బయటికి తీశాక ముగ్గురూ కళ్ళు చికిలించి చూశారు.

"క్రిములు కనబడుతున్నాయేంట్రా?" అన్నాడు గవరయ్య.

"ఒక్కటీ కనబడట్లేదన్నయ్యా."

"అయితే ఉన్నట్టే! మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. మళ్ళీ ఏమీ కనబడలేదు. గవరయ్యకి చెమటలు పట్టాయి. "ఓరి నాయనో, ఇంకా ఉన్నాయిరా!" కుర్చీలో కోటిలింగం బుగ్గ పట్టుకుని, "చంపేస్తున్నార్రా బాబూ" అని మూలుగుతున్నాడు.

మంగాయమ్మ తల గోక్కుని, "ఏమయ్యో! కనబడకపోతే ఉన్నట్టు. మరి కనబడితే?" అంది.

"లేనట్టు!" అన్నదమ్ములిద్దరూ గెంతారు. ఆ ఇంటి తెలివి అలాంటిది మరి.

అంతే, కోటిలింగం పొట్లం విప్పి ఓ లడ్డూ చిదిమి పళ్ళెం నిండా చల్లారు. ఎక్కడివో ఎర్రచీమలు బారులు కట్టి వచ్చి పటకారు మీద ఊరేగాయి. డాక్టరమ్మ తిరిగొచ్చి పళ్ళెం చూసి కెవ్వుమంది.

"ఏంటిది?"

"చీమలండి. అన్నీ కనబడుతున్నాయండి. ఇంక భయం లేదండి" అన్నాడు తాతబ్బులు.

ఆవిడ నెత్తి కొట్టుకుని, అన్నీ తనే తోమి, కడిగి, ఆవిరి పట్టింది. "అది ఇలా తీసుకురా తాతబ్బులూ, చెయ్యి తగలనివ్వకు" అంది. వాడు సంచీ చింపి, పటకారు పళ్ళతో కరిచి పట్టుకొచ్చాడు. "చెయ్యి తగల్లేదండి!" అన్నాడు. అన్నప్పుడు అది కాస్తా కిందపడింది. ఇంకేముంది, మళ్ళీ మొదటికి!

ఎట్టకేలకి మత్తుసూది పడింది, పన్ను ఊడింది. కోటిలింగం కళ్ళమ్మట ఆనందబాష్పాలు. డాక్టరమ్మ పన్ను ఊడిన చోట దూది పెట్టి, "అరగంట కొరికిపట్టి కదలకుండా కూర్చోండి" అంది. పళ్ళెం గవరయ్య చేతికిచ్చి, "ఈసారైనా నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి నాయనా" అని దణ్ణం పెట్టి, పక్కగదిలో ఇంకో రోగిని చూడ్డానికి వెళ్ళింది.

చెప్పింది చెప్పినట్టే చేశారు. సరైన బ్రష్షే తీశారు. తోమారు, కడిగారు, సంచిలో పెట్టి అంటించారు, ఆవిరి పట్టారు. ఇంకో పటకారుతోనే తీశారు. ఎక్కడా చెయ్యి తగల్లేదు. అద్దం అద్దం చోట, పటకారు పటకారు చోట సర్దేసి, "బాబుగారూ, ఓసారి నోరు తెరవండి" అన్నారు. మూతి మొద్దుబారిన కోటిలింగం అమాయకంగా తెరిచాడు.

డాక్టరమ్మ వచ్చి చూసేసరికి, దూది ఉండాల్సిన చోట తెల్లగా మెరుస్తూ దవడ పన్ను!

"ఇదెలా వచ్చింది?"

"నోట్లోంచి తీసిందే కదండీ. తోమేం, ఆవిరి పట్టేం, ఎక్కడిది అక్కడ పెట్టేసామండి" అన్నాడు గవరయ్య ఛాతీ విరిచి.

విషయం అర్థమై కోటిలింగం నోరు మూసుకుని, "నా గారెలు!" అని గొంతులోనే ఏడ్చాడు.

"ఛీ! మీ ముగ్గురి బుర్రల్లో ఎంత వెతికినా తెలివనేది కనబడట్లేదు కదా!" అని అరిచింది డాక్టరమ్మ.

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. మంగాయమ్మ సిగ్గుపడుతూ కొంగు సర్దుకుంది.

"కనబడలేదని లేదనుకోకూడదండి. పొద్దున్న మీరే కదండీ చెప్పారు!"