కాడ కొరికిన బొద్దయ్య

మా టమాటా మడి ఎంత పెద్దదంటే, ఈ మూల కురిసిన వాన సంగతి ఆ మూలకు తెలిసేసరికి పంచాంగం మారిపోయేది. నమ్మకపోతే మీ ఖర్మ. అందులో బొద్దయ్య అని ఒక గొంగళిపురుగు. వాడి పొట్ట ముందు ఏనుగు పొట్ట కందిగింజ! అయినా వాడికి ఒకటే దిగులు. కడుపునిండా తింటే గానీ మంచి గూడు కట్టలేడు, మంచి గూడు కడితే గానీ నిండు రెక్కలు రావు.

ఓ పొద్దున అడుగాకు నమిలి, పై ఆకు కొరికాడు. చేదు! ఆ పైది కొరికాడు. దాని ముందు వేపాకు బెల్లం!

"నత్తత్తా! కింద తీపి, పైన చేదు. ఇదేం మాయే?"

పక్కనే పాకుతున్న నత్తమ్మ తీరిగ్గా కొమ్ములు చాచింది. "మాయేం కాదు అల్లుడూ. మొక్కంటే కణాలనే బుల్లి గదుల పేట. గదికీ గదికీ మధ్య గోడ, గోడగోడకూ కంటికి ఆనని కిటికీలు. మనం పక్కింటికి కూర గిన్నె అందించినట్టు ఈ గది ఆ గదికి తీపి అందిస్తుంది. గిన్నె వెళ్లాక కబురు ఆగుతుందా? నువ్వు కింద కొరికావు, 'దొంగొచ్చాడ'ని పైదాకా పాకింది. పైవాళ్లు చేదు కలిపి కూర్చున్నారు."

"గోడలకు చెవులుంటాయని విన్నా. నోళ్లు కూడానా!"

"నోరులేని ఇరుగుపొరుగు ఎక్కడైనా ఉంటారట్రా?"

"అయితే దారే తెంపేస్తా. కబురెలా పోతుందో చూస్తా!"

పక్క మొక్కకు పాకి, ఆకు జోలికి పోకుండా మొదలు దగ్గర కాడనే కొరికేశాడు. మొక్క కూలిన చప్పుడుకు మూడూళ్ల కుక్కలు మొరిగాయి. ఓ ఆకు కొసరి చూశాడు. పాయసం!

"చూశావా అత్తా, తెలివంటే ఇదీ!"

"చూశాలే. ఇక తిను మరి."

"తొందరేముంది? ఇంత విందుకు ముందు ఓ కునుకు తీయాలి."

లేచేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఆకులన్నీ అప్పడాలు. ఎంత నమిలినా చుక్క రసం లేదు.

"అత్తా! నా విందేమైంది?"

"కబురు పోయే దారి తెంపావుగా నాయనా. నీళ్లూ, కూర గిన్నెలూ వచ్చేది కూడా ఆ దారినే."

ఆకలికి దూరం పాకే ఓపిక లేక బొద్దయ్య మళ్లీ ఆ చేదు మొక్కకే వెళ్లి, ముక్కు మూసుకుని నాలుగు ముద్దలు మింగి, అరకడుపుతోనే గూడు కట్టాడు. రెక్కలైతే వచ్చాయి. ఒకటి చీమ చెవంత, రెండోది అందులో సగం. ఇప్పుడు వాడు ఊరేగాలంటే నత్తమ్మ వీపే గతి!

నీతి: పొరుగు మాటకు దారి మూసినవాడికి పొరుగు కూర కూడా అందదు.