తవుడిచ్చి కొన్న తల్లి

నాగావళి ఒడ్డున తవిటివలసకు వచ్చిన భక్తులు గర్భగుడిలో విగ్రహం కోసం వెతుకుతారు. పాపం, కొత్తవాళ్లకు తెలియదు! ఇక్కడ కొలువై ఉన్నది ఒక రాతి రోలు. పసుపూ కుంకుమా దానికే, చీరా దానికే. పక్కన గోడకు ఆనించి రోకలి ఉంటుంది. ఈ తల్లి పేరు దంపులమ్మ. 'దంపుల' ఇంటిపేరున్న ప్రతి గడపకూ ఈమే ఇలవేల్పు. ఆ ఇంటిపేరు తాతముత్తాతల నుంచి వచ్చింది కాదు, ఒక ముసలమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఎలాగో వినండి.

పూర్వం గుడి ఉన్న ఈ చోటనే ఆదెమ్మ అనే వితంతువు పాక ఉండేది. ఆమెకు పిల్లాజెల్లా లేరు. ఊరందరి వడ్లూ దంచి, కూలి కింద నూకలూ తవుడూ తెచ్చుకునేది. ఇంటిపేరేమిటని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. దంచే మనిషి కాబట్టి దంపుల ఆదెమ్మ అన్నారు, అంతే.

అదే ఊళ్లో పెద్దరైతు కూర్మయ్య. ఆయన భార్య సన్యాసమ్మకు ముగ్గురు కొడుకులు పుట్టి, ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. కూర్మయ్య ప్రతి బిడ్డకూ వంశంలోని గొప్ప పేర్లు ఏరికోరి పెట్టాడు. ఎంత గొప్ప పేరైతే ఏం, పిలిస్తే పలకడానికి బిడ్డ ఉండాలి కదా! నాలుగోవాడు పుట్టాక సన్యాసమ్మ మగడితో మాటమాత్రం అనలేదు. పదకొండోనాడు బిడ్డను చేటలో వేసుకుని ఆదెమ్మ పాకకు వెళ్లింది.

"అత్తా, ఈడు నా కడుపున పుట్టినోడిగా ఉంటే దక్కడు. నువ్వు కొనుక్కో."

ఆదెమ్మ దోసెడు తవుడు ఆమె కొంగులో పోసి, బిడ్డను గుండెకు హత్తుకుంది. "తవిటయ్యా!" అని పిలిచింది. మళ్లీ చేటలో పడుకోబెట్టి, "ఈడు నా కొడుకమ్మా. పాలిచ్చి పెంచిపెట్టు" అంది. అమ్ముడుపోయిన బిడ్డ, అదీ దోసెడు తవుడుకు పోయిన బిడ్డ అంటే మృత్యువు కూడా పట్టించుకోదని ఆ కాలపు నమ్మకం. నెల గడిచింది. ఏడాది గడిచింది. తవిటయ్య బతికాడు!

ఇరవై ఏళ్లకు అతనికి పెళ్లి కుదిరింది. ఇంటిముందు రోటికి పసుపుకొమ్ము కట్టి, పెళ్లి పసుపు దంచడానికి ముత్తయిదువలు చేరారు. తొలిపోటు పెళ్లికొడుకు తల్లిది. రోకలి అందుకున్న సన్యాసమ్మకు పందిరి అవతల ఆదెమ్మ కనిపించింది. శుభకార్యంలో ఎవరికీ ఎదురుపడకూడదని, కొంగు కప్పుకుని ఓ వార నిలబడి ఉంది. సన్యాసమ్మ రోకలి కిందికి దించేసింది.

"తల్లి అక్కడ నిలబడుంటే ఈ రోకలి నేనెలా ఎత్తుతాను?"

"ముండమోసిన చెయ్యి పెళ్లి పసుపుకు తగులుతుందా!" అని బంధువులు గగ్గోలు పెట్టారు. కూర్మయ్య కూడా, "అది ఉత్తుత్తి బేరమే కదే" అన్నాడు.

"బిడ్డ నిజంగానే బతికినాడు కదా! మరి బేరం ఉత్తిదెలాగవుతాది?"

తవిటయ్య స్వయంగా వెళ్లి ఆదెమ్మను చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. కళ్ల నీళ్లతో ఆమె తొలిపోటు వేసింది. పీటల మీద పురోహితుడు ఇంటిపేరు అడిగితే, తండ్రి నోరు తెరిచేలోగానే తవిటయ్య "దంపుల" అన్నాడు. కూర్మయ్య కొడుకు వంక చూసి, "అదే చదవండి పంతులుగారూ" అన్నాడు.

ఆదెమ్మ పోయాక ఆమె రోలును తన వాకిట్లో పెట్టుకోవాలని తవిటయ్య రెండు జతల ఎడ్లు కట్టాడు. రోలు వీసమెత్తు కదల్లేదు. అమ్మ ఇక్కడే ఉంటానంటోందని తెలిసి, పాక ఉన్నచోటే గుడి కట్టించాడు.

నేటికీ జబ్బు చేసిన పసిబిడ్డలను చేటలో పెట్టి ఈ గుడికి తెస్తారు. దంపులవారి ఆడపడుచుల్లో భర్త పోయిన పెద్దామె దోసెడు తవుడిచ్చి కొని, పెంచమని తిరిగిస్తుంది. ఈ ఊళ్లో ఏ పెళ్లికైనా పసుపు తొలిపోటు అలాంటి చేతిదే. ఆ పసుపు తగిలిన జంట పిల్లాపాపలతో చల్లగా ఉంటుంది. మొక్కు తీర్చుకునేవారు కానుకలేవీ తేనక్కరలేదు. బతికిన బిడ్డను రోటి ముందు నిలబెట్టి, ఇంటిపేరుతో సహా పేరు గట్టిగా చెప్పిస్తే చాలు. ఆదెమ్మను ఇంటిపేరేమిటని ఎవరూ అడగని ఊళ్లో, ఇప్పుడు రోజూ పిల్లలు అరిచి చెబుతున్నారు.