పిట్టలంక జట్టు, తాయారమ్మ చుట్టలు

గోదావరి రెండు పాయలుగా చీలినచోట పిట్టలంక ఉంది. అక్కడ మనుషులెవరూ ఉండరు, అన్నీ జంతువులే. ఆ లంకలో పొగాకు బ్రహ్మాండంగా పండుతుంది. ఫుట్‌బాల్ మాత్రం పండదు. పిట్టలంక జట్టు ఒక్క ఆట గెలిచి ఏడేళ్ళయింది.

ఆ జట్టంటే ప్రాణం పెట్టే దున్నపోతు ఒకడుండేవాడు. పేరు మందేశ్వర్రావు. నడక నెమ్మది, ఆలోచన ఇంకా నెమ్మది. ప్రతి ఆదివారం సాయంత్రం ఇసుక మైదానం పక్కన చతికిలబడి, ఒక చుట్ట ముట్టించి ఆట చూసేవాడు.

ఆ చుట్టలు మామూలువి కావు. తాయారమ్మ అనే ముసలి కోతి చుట్టినవి. వరద ఒండ్రులో పెరిగిన ఆకును ఒక్కొక్కటే ఏరి, నీడన ఆరబెట్టి, ఈనె తీసి, బిగువుగా చుట్టేది. ముట్టిస్తే చివరిదాకా ఒకే తీరున కాలేవి. ఈ ఏడు ఓ పాతిక చుట్టలు తాటాకు పెట్టెలో సర్ది ఇస్తూ, "తమ్ముడూ, కళ్ళు ఆనడం లేదురా. ఇంక చుట్టలేను. ఇవే ఆఖరివి, పదిలంగా కాల్చుకో" అంది.

అందుకని వారానికి ఒక్కటే. మొదటి దమ్ము లాగి, పొగ నోట్లో కాసేపు నిలిపి, కళ్ళు మూసుకుని వదిలేవాడు. కళ్ళు తెరిచేసరికి పిట్టలంక మీద ఒక గోల్ పడి ఉండేది.

"ఒరే సన్యాసిరావూ! బంతి చూడరా, చేపల్ని కాదు!" అని అరిచేవాడు.

సన్యాసిరావు కొంగ. గోల్‌కీపరు. ఒంటికాలి మీద నిలబడి బంతి వచ్చే వేళకి ఏటివైపు చూస్తుంటాడు. జట్టు కెప్టెన్ గంగులు అనే మేకపోతు. బంతిని కాలితో తన్నమంటే కొమ్ములతో పొడుస్తాడు. ఇలాంటివాళ్ళని పెట్టుకుని మందేశ్వర్రావు ఏడేళ్ళుగా ఆశ వదలలేదు. "వచ్చే వారం చూడండి" అనేవాడు అందరితోనూ.

అవతలి ఒడ్డున రేవుపాడు. అక్కడివి అడవిపందులు, ఆటలో మొనగాళ్ళు. వాళ్ళ జట్టుకి జేజేలు పలికే నక్క జగ్గప్పకి మందేశ్వర్రావు చుట్టల వాసన ఏరు దాటి మరీ తగిలింది. ఒక ఆదివారం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, ఒక మాట చెప్తే నొచ్చుకోవు కదా?"

"చెప్పరా అబ్బాయ్."

"మీవాళ్ళు ఎందుకు ఓడిపోతున్నారో నాకు తెలిసింది. నువ్వు దమ్ము లాగినప్పుడల్లా గోల్ పడుతోంది. కావలిస్తే ఇప్పుడు లాగి చూడు."

మందేశ్వర్రావు లాగాడు. సన్యాసిరావు కాళ్ళ సందులోంచి బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది.

దున్నపోతు చుట్ట నోట్లోంచి తీసేశాడు. "అంటే... ఏడేళ్ళుగా నావల్లేనా?"

"నేననలేదు బాబాయ్, పొగే అంటోంది. ఆ పెట్టె ఇలా ఇచ్చేయ్, అవతలి ఒడ్డుకి తీసుకుపోతాను. నువ్వు మైదానానికి వీపు పెట్టి కూర్చో. అప్పుడు చూడు మీవాళ్ళ దూకుడు."

మందేశ్వర్రావు పెట్టెకేసి చూశాడు. తాయారమ్మ ఇంక చుట్టలేనన్న మాట మనసులో మెదిలింది. మైదానంలో గంగులు ఇసుకలో బోర్లా పడి లేస్తున్నాడు. వాడి గడ్డం నిండా ఇసుకే. పెట్టె ఎత్తి నక్క చేతిలో పెట్టేశాడు.

మరుసటి ఆదివారం మైదానానికి వీపు పెట్టి, నోట్లో గడ్డిపరక పెట్టుకుని కూర్చున్నాడు. వెనకనుంచి కేకలు వినిపిస్తున్నాయి. తల తిప్పడానికి లేదు. ఆట అయ్యాక జగ్గప్ప వచ్చాడు.

"ఎంత బాబూ?" అన్నాడు దున్నపోతు ఆత్రంగా.

"నాలుగు, సున్నా. నువ్వు చూస్తే ఎనిమిది పడేవి. గుణం కనిపిస్తోంది బాబాయ్, మానకు." అని చుట్ట వాసన గుప్పుమంటుండగా వెళ్ళిపోయాడు.

అప్పుడే తాయారమ్మ కర్ర పొడుచుకుంటూ అటు వచ్చింది. "అదేమిట్రా, ఏటికేసి కూర్చున్నావు? చుట్ట ఏదీ?"

జరిగిందంతా చెప్పాడు. ముసలమ్మ నడుం పట్టుకుని నవ్వింది.

"నిరుడు నీకు గొంతు పట్టేసి మూడు నెలలు చుట్ట ముట్టలేదు కదరా. అప్పుడు గెలిచారా?"

"లేదక్కా. ఓడిపోయారు."

"మరి?"

మందేశ్వర్రావు ఆలోచించాడు. పొద్దు వాలింది. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. చివరికి, "అక్కా, వచ్చే వారం మనవాళ్ళు ఆడేది రేవుపాడుతోనే కదూ?" అన్నాడు.

ఆ ఆదివారం ఆట మొదలవకముందే దున్నపోతు నెమ్మదిగా నడుచుకుంటూ రేవుపాడు కెప్టెన్ దగ్గరికి వెళ్ళాడు. వరహాలు అనే ఆ అడవిపంది కోరలు నూరుకుంటున్నాడు.

"వరహాలూ, నీకో సంగతి చెప్పాలి. నా చుట్టల పొగ ఎటు లేస్తే అటువైపు జట్టు మీద గోల్ పడుతుందట. పెట్టె ఇప్పుడు మీ గోల్ వెనకాలే ఉంది."

"ఎవడన్నాడు?"

"మీ జగ్గప్పే. చదువుకున్నవాడిలా మాట్లాడతాడు కదా, నమ్మి ఇచ్చేశాను."

వరహాలు ఘుర్రుమని నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆడుతూ ఆడుతూ వెనక్కి ఒక చూపు వేశాడు. జగ్గప్ప గోల్ వెనక ఇసుకదిబ్బ మీద కాలు మీద కాలేసుకుని, కళ్ళు మూసుకుని దమ్ము లాగుతున్నాడు. అదే క్షణాన గంగులు కొమ్ములతో పొడిచిన బంతి గాలిలో వంకర తిరిగి గోల్‌లో పడింది.

పందులన్నీ ఆగిపోయాయి. వరహాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. జగ్గప్ప మురిపెంగా రెండో దమ్ము లాగాడు. ఈసారి గంగులు పొడిచిన బంతి పందుల గోల్ కర్రకి తగిలి వెనక్కి వచ్చింది.

"పట్టుకోండ్రా వాణ్ణి!" అని వరహాలు గర్జించాడు.

పదకొండు పందులూ మైదానం వదిలి నక్క వెంట పడ్డాయి. "అబద్ధం అన్నయ్యా! చుట్టలకోసం నేనే అల్లాను! పొగకీ గోల్‌కీ సంబంధం లేదు!" అని జగ్గప్ప మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? ఖాళీ గోల్‌లో గంగులు ఇంకో బంతి పొడిచి రెండోది వేశాడు.

పందులు తిరిగొచ్చి ఆ కసి అంతా ఆట మీద చూపించాయి. సన్యాసిరావుకి సరిగ్గా అప్పుడే ఏట్లో బొమ్మిడాయి చేప కనబడింది. రెండు గోల్స్ పడ్డాయి. ఆట సమానంగా ముగిసింది. గెలవలేదు. కానీ ఓడిపోలేదు! లంకంతా గంతులేసింది. గంగులు సన్యాసిరావుని మోసుకుని మైదానం చుట్టూ పరిగెత్తాడు. మందేశ్వర్రావు కళ్ళు తుడుచుకోవడం చూసి తాయారమ్మ మొహం తిప్పుకుంది.

వరహాలు తాటాకు పెట్టెని తెచ్చి, ముట్టుకోవడానికే భయపడుతూ మూతితో తోశాడు. "ఇదిగో నీ పెట్టె. ఇంకెప్పుడూ మా ఒడ్డుకి పంపకు."

దున్నపోతు అందులోంచి రెండు చుట్టలు తీసి ఒకటి తాయారమ్మకిచ్చాడు. ఇద్దరూ ముట్టించి పొగ వదిలారు. జగ్గప్ప మాత్రం ఏట్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, తోక పిండుకుంటూ, "నిజం చెప్తే నమ్మరేం!" అని దగ్గుతూనే ఉన్నాడు.

పక్కవాణ్ణి నమ్మించడానికి అల్లిన అబద్ధాన్ని మనవాళ్ళు కూడా నమ్ముతారని గుర్తుపెట్టుకోవాలి.