కోడిపిల్లకి ఏ భాష వచ్చు?

అనగా అనగా, మన తెలుగు దేశమూ ఒడియా దేశమూ ఆనుకునే చోట ఒక ఊరు, ఆ ఊరికో రాజు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఆపేస్తాను, నాకూ నిద్రొస్తోంది.

ఆ రాజుగారికి ముగ్గురు కోడళ్ళు. పెద్దావిడది తెలుగు, నడిపావిడది తమిళం, చిన్నావిడది ఒడియా. ఎవరి పిల్లలకి వాళ్ళమ్మ మాటే వచ్చు. చిన్నకోడలి కూతురు చంపా, నాలుగేళ్ళ గుంట, అప్పుడే అమ్మమ్మగారింటి నించి వచ్చింది. అది నోరు తెరవగానే మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. అంతే, మాటాడ్డం మానేసింది. ఆకలేసినా మాటలేదు, దెబ్బ తగిలినా మాటలేదు, ఆఖరికి అమ్మతోనూ మాటలేదు. నెలైపోయింది. దాని నాయనమ్మ, అదే రాణీగారు, మనవరాలి గొంతెలా ఉంటుందో మర్చిపోతానేమోనని బెంగ పెట్టుకుంది.

అప్పుడు ఊళ్ళోకి తోలుబొమ్మలాడించే గంగులమ్మ వచ్చింది. రాణీగారు పిలిచి పిల్లలకి ఆట కట్టమంది. ఏ భాషలో కట్టాలని కోడళ్ళకి పేచీ. రాజుగారు, ఏం తెలివో ఏమో, ఒక దుబాసీని పెట్టారు. ఒక్కో మాటా మూడు భాషల్లో చెప్పాలి కదా, ఆయన వెళ్ళి తెర ముందు నిలబడ్డాడు. మీ తాతలాగే వెడల్పు మనిషి. ఒక్క బొమ్మా కనపడలేదు, ఆయన బొజ్జే కనపడింది. పిల్లలు నిద్రపోయారు, అచ్చం మీలాగే. ఏయ్, ఊ కొట్టండి.

మర్నాడు గంగులమ్మ దుబాసీని తెర వెనక్కి తీసుకుపోయి, దీపంలో నూనె పోస్తూ కూర్చోమంది. సందెవేళ ఆట మొదలెట్టింది. ఒక కోడిపిల్ల గింజలు ఏరుకుంటోంది. వెనకనించి నక్క వస్తోంది. ఆవు తెలుగులో పారిపొమ్మంది. కోడిపిల్లకి తెలీలేదు, ఒక గింజ తింది. కాకి తమిళంలో పారిపొమ్మంది. తెలీలేదు, రెండో గింజ తింది. పెద్దకోడలి పిల్లలు తెలుగులో అరిచారు, నడిపికోడలి పిల్లలు తమిళంలో అరిచారు. తెలీలేదు, మూడో గింజ తింది. నక్క నోరు తెరిచింది.

అక్కడ గంగులమ్మ ఆపేసింది. బొమ్మలాడిస్తున్నంతసేపూ కాళ్ళకింద చెక్కలు టకటకలాడించేది, అదీ ఆపేసింది. ఈ కోడిపిల్లకి ఏ భాష వచ్చా అని పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గంగులమ్మ చెయ్యి నొప్పెడుతున్నా నక్కని కదపలేదు.

చంపా లేచి నిలబడింది. మెల్లిగా "పళా" అంది. ఒడియాలో పారిపో అని. కోడిపిల్ల తలెత్తింది. ఈసారి గట్టిగా "పళా, పళా" అంది. కోడిపిల్ల తుర్రుమంది, చెక్కలు టకటకమన్నాయి, నక్కకి గాలే మిగిలింది.

పిల్లలంతా చంపా చుట్టూ మూగి ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. నవ్వడానికి కాదు, రేపటి ఆటలో వాళ్ళకీ కావాలి మరి. అది పదిసార్లు చెప్పించింది, సరిగ్గా పలక్కపోతే కసిరింది కూడాను. రాణీగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. సంతోషంతోనే లెండి.

గంగులమ్మకి ఒడియా వచ్చా అంటారా? ఆ ఒక్కమాటే వచ్చుట. అదీ ఆ పొద్దున్నే చిన్నకోడల్ని అడిగి నేర్చుకుందిట. అడగడానికి ఏం పోయింది?

ఇవాళ పై వాటాలో గుజరాతీ పిల్ల మాట్లాడితే మీరిద్దరూ ఎక్కిరించారు, నేను విన్లేదనుకున్నారా? పొద్దున్నే వెళ్ళి, ఆడుకోడానికి రా అని వాళ్ళ భాషలో ఎలా పిలవాలో వాళ్ళమ్మని అడిగి రండి. వచ్చి నాకూ చెప్పండి, నాకూ రాదు.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.