కాల్మా అన్న మాట

చెరకు కొట్టే కూలీలు కత్తులు కింద పడేసి కూర్చున్నారు. బ్రదర్ క్రిసాంతోకి ఏం చెయ్యాలో తోచలేదు.

ఫిలిప్పీన్స్ దీవుల్ని స్పెయిన్ వాళ్ళు ఏలుతున్న కాలం అది. క్రిసాంతో ఆ దీవుల బిడ్డే. మఠం తోట మీద ఆ ఏడు పెత్తనం అతనిది. గానుగ ఆగకూడదని మధ్యాహ్నపు విరామం తీసేసిందీ అతనే. నిన్న మిట్టమధ్యాహ్నం ఒక కూలీ కొడుతున్న వరుసలోనే వడదెబ్బకి కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు.

"కాల్మా, కాల్మా!" అన్నాడు క్రిసాంతో చేతులూపుతూ. శాంతం, శాంతం అని. స్పెయిన్ నుంచి వచ్చి ఆ దీవుల వాళ్ళ నాలుకల మీద స్థిరపడిపోయిన మాట అది.

చచ్చిపోయినవాడి పెళ్ళాం ఇస్యాంగ్ తలెత్తింది.

"ఆ కాల్మా ఏదో మా ఆయనకి బాగానే పట్టింది బ్రదర్. నిన్నటినుంచీ కదలడం లేదు."

ఎవరూ నవ్వలేదు.

క్రిసాంతో గురువు దగ్గరికి పరుగెత్తాడు. స్పెయిన్ నుంచి వచ్చి, అతనికి అక్షరాలు దిద్దించిన ముసలి ఫాదర్ ఎలాదియో దగ్గరికి.

"వాళ్ళు చల్లబడే మాట ఒక్కటి చెప్పండి ఫాదర్. ఎలాగైనా పనిలోకి దింపాలి."

"చెప్తాను. ముందు ఒక్క వరుస కొట్టు."

ముసలాయన అతని చేతికి కత్తి ఇచ్చి, తోటదాకా వెంట వచ్చాడు.

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. సగం వరుస అయ్యేసరికి క్రిసాంతో కళ్ళు బైర్లు కమ్మాయి. కత్తి జారిపోయింది. పాక్కుంటూ వెళ్ళి గట్టున ఉన్న చెరకు బండి కింద దూరాడు.

"కాల్మా నాయనా, కాల్మా," అన్నాడు గురువు, ఎండలోనే నిలబడి. "ఇంకా సగం ఉంది."

"ఈ ఎండలోనా! మనిషన్నవాడు..."

"ఆ మాట ఎక్కడ పుట్టిందో నీకు చెప్పాను. గుర్తుందా?"

"గ్రీకులో. కౌమా."

"అంటే?"

"మండుటెండ."

"మండుటెండ శాంతం ఎట్లా అయింది?"

క్రిసాంతో తన మీద పడ్డ బండి నీడని చూసుకున్నాడు. "ఎండ ముదిరితే పని ఆపి నీడకి చేరేవాళ్ళు. ఆ విరామానికే ఆ పేరు వచ్చింది."

"మేం ఓడలెక్కి వచ్చి మీకా మాట ఇచ్చాం," అన్నాడు ముసలాయన. "అందులోని నీడ ఇవ్వలేదు. నువ్వూ మా దగ్గర బాగానే నేర్చుకున్నావు."

క్రిసాంతో లేచాడు. గానుగ ఆపమని కబురు పంపాడు. చచ్చిపోయిన కూలీ శవపేటిక కదులుతుంటే భుజం పెట్టబోయాడు.

ఇస్యాంగ్ అడ్డం వచ్చింది.

"వద్దు బ్రదర్. ఎండగా ఉంది. నీడకి పోండి."