గురివి పేరు

ఇనుము ఇంకా నేల కడుపులోనే పడుకుని ఉన్న రోజులు. కత్తీ రాయే, గొడ్డలీ రాయే. అప్పుడు ఎర్రకొండ కింద ఓ గూడెం. ఆ గూడెంలో గురివి అని ఓ పిల్ల. తల్లీ లేదు, తండ్రీ లేడు. మేనమామ బాసడి దగ్గర పెరిగింది.

బాసడు ఈటెలకి రాతి మొనలు చెక్కేవాడు. మొన చెక్కడం ఒక ఎత్తు, దానికి గాడి తియ్యడం ఒక ఎత్తు. ఈటె కర్ర అందులో కుదురుగా కూర్చోవాలంటే మొన అడుగున జింక కొమ్ముతో ఒక్కటే దెబ్బ కొట్టాలి. పొడుగ్గా ఒక పెచ్చు లేవాలి. లేస్తే గాడి. లేకపోతే మొన రెండు ముక్కలు. బాసడు పది కొడితే ఏడు ముక్కలయ్యేవి.

ఆ గూడెంలో ఓ పద్ధతి. జంతువు పడగానే వేటగాడు ఆ మొన చెక్కిన మనిషి పేరు కొండ దద్దరిల్లేలా అరవాలి. గురివికి ఆ అరుపంటే ఆశ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందులో తన పేరు వినాలని.

"మామా, గాడి తియ్యడం నేర్పవా?"

"పోయి పెచ్చులు ఊడ్చు."

పెచ్చులు ఊడ్చింది. వేళ్లు తెగాయి.

మరుసటేడు మళ్లీ అడిగింది.

"ఆడదాని దెబ్బకి రాయి నవ్వుద్దే. పోయి పెచ్చులు ఊడ్చు."

పెచ్చులు ఊడ్చింది. వేళ్లు తెగాయి.

మూడో ఏడు అడగలేదు. విరిగిన మొనల కుప్ప ముందు కూర్చుంది. ముక్కకి ముక్క అతికించి చూసింది, ఎక్కడ తప్పిందో అని. అన్నిట్లోనూ ఒకటే తప్పు. దెబ్బ పడే అంచు మరీ పదును, అందుకే నలిగిపోతోంది. ఆ అంచుని గరుకురాతి మీద నూరింది. తక్కువ నూరితే నలిగింది. ఎక్కువ నూరితే పెచ్చు లేవనే లేదు. ఎంత నూరాలో చివరికి ఆమె బొటనవేలికి తెలిసింది. పది కొడితే పదీ నిలిచాయి.

అందులో ఒకటి బావ చేతిలో పెట్టింది. బావంటే బాసడి కొడుకు ఈరిగాడు. ఆ మొనతోనే వాడు దుప్పిని పడగొట్టాడు.

"ఎవరి రాయిరా?" అంది గూడెమంతా.

ఈరిగాడు గురివి వైపు చూశాడు. అయ్య వైపు చూశాడు. "బాసడి రాయి!" అని అరిచాడు.

"అదేంటి బావా?" అంది గురివి తర్వాత.

"ఆడదాని రాయితో కొట్టానంటే నలుగురిలో లోకువైపోనూ? మాంసం పంపిస్తాలేవే."

"నువ్వే తిను."

ఏళ్లు గడిచాయి. చెక్కింది గురివి, పేరు బాసడిది. రాతి దుమ్ము గుండెల్లో పేరుకుని గురివి ఇక లేవలేకపోయింది. అప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడు బాసడు.

"ఆ అంచు ఎంత నూరాలే తల్లీ?"

"నా పేరు అరిచి పిలువు, చెప్తాను. కొండకి వినబడాలి."

బాసడు గుమ్మం బయట నిలబడ్డ జనాన్ని చూశాడు. "గురివీ," అన్నాడు మెల్లగా.

"వినబళ్లేదు."

"గురివీ."

"వినబళ్లేదు మామా."

మూడోసారి పెదాలు కదిలాయి, అంతే. గురివి అటు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు.

మర్నాటి నుంచి మొనలు విరగడం మొదలెట్టాయి. విరిగినప్పుడల్లా బాసడు కొమ్ము విసిరికొట్టి "గురివీ!" అని అరిచేవాడు. తిట్టినట్టు. అది కొండంతా వినబడేది.

ఇప్పటికీ ఆ వైపు రాయి కొట్టేవాళ్లు, దెబ్బ తప్పి రాయి అడ్డంగా పగిలితే, సుత్తి పక్కన పడేసి "గురివీ!" అని అరుస్తారు. చక్కగా చీలిందనుకోండి, "బాసడి చెయ్యిరా నీది" అని భుజం తడతారు.